కోటలో చెప్పుల చప్పుడు

మా అత్తకు తొంభై ఏళ్లు ఉంటాయి. మధ్యాహ్నం కాగానే మంచం దిగేది, చెప్పులు చేతిలో పట్టుకునేది, పిలుస్తున్నారు, పోవాలి అనేది. ఎవరు పిలుస్తున్నారంటే కోట వైపు వేలు చూపేది. అక్కడ దొర ఉన్న కాలంలో ఆమె చిన్నపిల్ల, వెట్టికి నీళ్లు మోసింది. కోట ముందు మావాళ్లు చెప్పులు వేసుకుని నడవకూడదు, చేత పట్టుకునే పోవాలి. దొర పోయి ఎంత కాలమైంది, గోడల మీద రావి మొక్కలు కూడా మొలిచాయి. ఆమె చెవుల్లో పిలుపు మాత్రం పోలేదు. రెండుసార్లు ఎల్లారెడ్డి రోడ్డు దాకా పోతే వెతికి తెచ్చుకున్నాను. మూడోసారి ఏ లారీ కింద పడుతుందోనని నా భయం. నా మొగుడు పోయాక నాకున్నది ఆమే, ఆమెకున్నది నేనే.

పంద్రాగస్టుకు ఆ కోటలోనే జెండా ఎగరేస్తారు. నేను పంచాయతీలో ఊడ్చేదాన్ని, ముందురోజు గడ్డి చెక్కి వచ్చాను. దొర కుర్చీ ఉన్నచోట జెండా చూస్తే అత్త మనసు కుదుటపడుతుందనుకున్నాను. కామారెడ్డిలో కొన్న కొత్త చెప్పులు తొడిగి, ఆటోలో తీసుకుపోయాను.

దర్వాజా దాటితే ఎండలోనూ చెమ్మ వాసన. లోపల బడి పిల్లలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు.

"గిందరు మనోళ్లేనా పిల్లా?" అంది అత్త. ముఖం విప్పారింది.

తాడు పట్టుకునే ముందు సర్పంచ్ చెప్పులు విడిచాడు. జెండాకు మర్యాద కదా. ఆయన్ను చూసి అందరూ విడిచారు. మాటలు ఆగిపోయాయి. అలవాటు కొద్దీ నేనూ విడిచాను. అత్త గోళ్లు నా చేతిలో దిగాయి.

"వచ్చిండు. నువ్వు గూడ ఇడిసినవ్."

నేల మీద కూలబడి, తాళం వేసిన దొర గది వైపు తల వంచి, "నీళ్లు తెస్తున్న దొరా" అంది. ఆ గొంతు ముసలిది కాదు, చిన్నపిల్లది. తలుపు వెనక ఎవరో దగ్గినట్టయింది. పావురమో ఏమో.

ఇక మాటలతో అయ్యేది కాదు. నా చెప్పులు వేసుకున్నాను, ఆమెను లేపి కాళ్లకున్న కొత్త చెప్పులతోనే అందరి ముందు నుంచి నడిపించాను. జెండా దగ్గర చెప్పులేంది అవ్వా అని సర్పంచ్ గదిమాడు.

"జెండాకు నేను లెంపలేసుకుంట సారూ. గీమెను నడువనియ్యి."

ఇద్దరమే నడుస్తున్నాం. గోడల నుంచి మాత్రం చాలామంది నడిచిన చప్పుడు వచ్చింది. అత్త ఆ గది ముందు ఆగి తలుపుకు చెవి ఆనించింది. ఎంతసేపటికో నా వైపు తిరిగింది.

"ఇప్పుడు పిలుస్తలేడు పిల్లా," అంది. "వింటున్నడు."

మర్నాటి నుంచి ఆమె మధ్యాహ్నం లేవడం లేదు, హాయిగా నిద్రపోతోంది. కోట ఊడ్చేటప్పుడు ఆ గది ముందు నేనే కాస్త గట్టిగా అడుగులు వేస్తున్నాను.