లక్షవత్తుల్లో ఒకటి

చిల్లకల్లు దాటగానే బస్సు ఇంజను వేడెక్కి ఆగిపోయింది. కండక్టరు బకెట్టు పట్టుకుని నీళ్ల కోసం పోయాడు. ఆ రోజుల్లో నేను జగ్గయ్యపేటలో బడిపంతుల్ని. బి.ఎ.కు ప్రైవేటుగా చదువుతున్నాను. ఒళ్లో చరిత్ర పుస్తకం. ఒక పేజీ చదవడం, ఇంకా ఎంత ఉందోనని చివరిదాకా తిప్పి చూడడం, కిటికీలోంచి తల బయటపెట్టి కండక్టరును తిట్టుకోవడం, ఇదే నా పని.

పక్క సీట్లో ఒక పెద్దావిడ వేళ్లకు విభూతి అద్దుకుంటూ దూదితో వత్తులు చేస్తోంది. లక్షవత్తుల నోము పట్టానని చెప్పింది.

“లక్షా మీరే చెయ్యాలాండీ? కొట్లో అమ్ముతారుగా,” అన్నాను.

“కొనొచ్చు నాయనా. వెలిగిస్తే ఒక్క పూటలో అయిపోతాయి. నాకు దక్కేది ఈ చేసుకోవడమేగా,” అని నా పుస్తకం వంక చూసింది. “నువ్వు చదువుతున్నావా, ఎంత మిగిలిందో చూసుకుంటున్నావా?”

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మరచెంబు మూత తిప్పి, చేతులు చాపమని, కిటికీ బయట నా చేతుల మీద నీళ్లు పోసింది. తుడుచుకున్నాక నా చేతిలో ఇంత దూది పెట్టింది.

“కుదురుగా కూర్చోలేకపోతున్నావు. ఒకటి చెయ్యి.”

తెగిపోయేవి తెగిపోగా, ఒకటి వంకరగానైనా నిలిచింది. ఆవిడ దాన్ని పారేయకుండా తన వత్తుల్లో కలుపుకుంది. నేను అడగకుండానే ఇంకాస్త దూది తీసుకున్నాను.

“నందిగామ, నందిగామ!” అని కండక్టరు అరిచేసరికి ఉలిక్కిపడ్డాను. పుస్తకం ఎప్పుడు జారిందో, కాళ్ల దగ్గర పడి ఉంది.

“బస్సు ఎప్పుడు కదిలిందండీ?” అని అడిగాను.

“ఏమో నాయనా,” అంది దూది మూట కట్టుకుంటూ. “నేనూ చూళ్లేదు.”