గోడకు ఇవతల డ్రమ్ములు, అవతల కార్లు

సౌదీలోని అల్ ఖోబర్‌లో మేమున్న రోజుల్లో మా అమ్మాయి చదివే భారతీయ పాఠశాలకు తల్లిదండ్రుల కమిటీ ఒకటి ఉండేది. పేరుకు తల్లిదండ్రులదే గానీ అందులో తల్లులు లేరు. ఆడపిల్లల విభాగంలో ఏ కార్యక్రమం జరిగినా చూడటానికి తల్లులే వెళ్ళాలి, మగవాళ్ళకు గేటు దాటే వీల్లేదు. కాబట్టి ఆ కార్యక్రమం ఎలా ఉండాలో నిర్ణయించే భారం తండ్రులు తమ నెత్తిన వేసుకున్నారు. చూసేవాళ్ళు చూస్తారు, చూడలేనివాళ్ళు తీర్మానిస్తారు. పని పంచుకోవడం ఇంతకంటే న్యాయంగా నేను ఎక్కడా చూడలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆటల పోటీల రోజున ఆడపిల్లల చేత డ్రమ్ముల కవాతు చేయించాలని ప్రిన్సిపాల్ గారికి తోచింది. చిన్నప్పుడు కాకినాడ కాన్వెంటు బ్యాండులో నేను సైడ్ డ్రమ్ము వాయించానని ఆవిడకు ఎవరో చెప్పారట. నేనే చెప్పి ఉంటాను, దాచుకునే అలవాటు లేదు. ఏడుగురు పిల్లల్ని నాకు అప్పగించారు. మా అమ్మాయి మాత్రం నా చేతి కింద వాయించనని తెగేసి చెప్పి ఖోఖోలో చేరిపోయింది. డ్రమ్ములు స్కూల్లో ముందు నుంచే ఉన్నాయి, నాలుగు సైడ్ డ్రమ్ములు, మూడు సైజుల్లో మూడు పెద్ద డ్రమ్ములు. సంగీతం అనే మాట కాగితాల మీద కనబడితే లేనిపోని ప్రశ్నలు వస్తాయని వాటిని వ్యాయామ సామగ్రి కింద రాసుకున్నారు. ఏడాది పొడవునా అవి స్టోరు గదిలో, వాలీబాల్ నెట్ల కింద పడి వ్యాయామం చేస్తూ ఉండేవి.

అప్పటికే నాకు డ్రమ్ముల పిచ్చి ముదిరి ఉంది. అందుకు కారణం మా కాంపౌండులో పక్క విల్లా అమెరికా ఆవిడ. అరవై దాటిన మనిషి, ఆవిడ భర్త మావారి ఆఫీసులోనే కన్సల్టెంటు. ఆడవాళ్ళు కారు నడపకూడదు గనక మధ్యాహ్నాలు మా ఇద్దరికీ ఎక్కడికీ పోయే పని లేదు. వయసులో ఉండగా ఆవిడ వాళ్ళ దేశంలో డ్రమ్ కోర్‌లో వాయించిందట. అంటే పెద్ద మైదానంలో వందమంది పైగా పిల్లలు ఇత్తడి బాకాలూ డ్రమ్ములూ మోస్తూ, వాయిస్తూనే నడిచి వలయాలూ గీతలూ కడతారు, వేసవంతా ఊరూరా తిరిగి పోటీలు పడతారు. ఆ పోటీల వీడియో క్యాసెట్లు ఆవిడ దగ్గర అట్టపెట్టె నిండా ఉండేవి. టీ ఇచ్చి క్యాసెట్ పెట్టేది. మెచ్చుకోవలసిన చోట నేను మెచ్చుకోకపోతే వెనక్కి తిప్పి మళ్ళీ చూపించేది.

మొదట నాకది ఒట్టి రొదలాగే ఉంది. చెవులు కాసేపు పక్కన పెట్టి కర్రలు చూడమంది. వరసలో పదిమంది సైడ్ డ్రమ్ములు వాయిస్తుంటే పదిమంది కర్రలూ ఒకే ఎత్తుకు లేచి ఒకే క్షణంలో దిగుతున్నాయి. పదిమంది వాయిస్తే ఒక్కరు వాయించినట్టుంటే అది శుభ్రమట, ఒక్క కర్ర వెంట్రుకవాసి వెనకబడినా మురికట. పెద్ద డ్రమ్ములవాళ్ళు ఒకే దరువును తలా ఒక దెబ్బగా పంచుకుంటే అది సన్న గొంతు నుంచి బొంగురు గొంతుకు మెట్లు దిగినట్టు దిగేది. మైదానం వెనక చివర్న ఉన్నవాళ్ళ చప్పుడు ముందుకు చేరేసరికి ఆలస్యమవుతుంది గనక, ముందున్నవాళ్ళు వెనక నుంచి వచ్చేది విని దానితో కలవాలి గానీ ఎవరి ఊపులో వాళ్ళు పోకూడదు. ఇవన్నీ తెలిశాక రొద కాస్తా విడివిడిగా వినబడటం మొదలైంది.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది మరొకటి. ఒక క్యాసెట్‌లో అంత సైన్యమూ అంతెత్తున మోగి, ఉన్నట్టుండి డ్రమ్ముల అంచుల మీదికి వచ్చేస్తుంది. కర్రల మొనలు రిమ్ముల మీద టిక్కుటిక్కుమంటాయి, వాటి కింద నడిచే అడుగులు వినబడతాయి. స్టేడియంలో జనమంతా ముందుకు వంగుతారు. గట్టిగా వాయించడం ఎవరికైనా వస్తుందనీ, అంతమందినీ అంత చిన్న చప్పుడు దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ వెనక్కి తీసుకురావడమే రాయడమంటే అనీ ఆవిడ అంది. నేను ఆ రోజు టీ తాగడం మర్చిపోయాను.

మా పిల్లలకు దరువు అలాగే రాశాను. మొదట హోరు, ఆపైన మూడు పెద్ద డ్రమ్ములు మెట్లు దిగడం, నడుమ రిమ్ముల మీద చిన్న చప్పుళ్ళూ అడుగులూ, మళ్ళీ కొద్దికొద్దిగా పెరిగి హోరు. రాయడమంతా మా భోజనాల బల్ల మీదే, రెండు చెక్క గరిటెలతో. మావారు బల్లకు అవతల కూర్చుని, నీళ్ళ గ్లాసు ఒలికిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అన్నం తినేవారు. ఆ పట్టుకోవడమే ఆయన అభిప్రాయం. బాగుందని అనక్కరలేదు, విన్నాను అంటే చాలునని నాకుండేది. ఆయన పప్పులో ఉప్పు తగ్గిందనేవారు.

ఈలోగా కమిటీ రంగంలోకి దిగింది. అధ్యక్షుల వారు పైపులైన్ల ఇంజనీరు. పిల్లల నడకకు ఆయన డ్రాయింగు గీయించారు, మూలన రివిజన్ నంబరుతో సహా. ఏడుగురు పిల్లలూ భారతదేశ పటం ఆకారంలో నిలబడాలి. కాశ్మీరానికి ఒకర్ని పెడితే కన్యాకుమారికి ఎవరూ మిగలడం లేదు. దాని మీద శుక్రవారం శుక్రవారం చర్చించి, శ్రీలంకను వదిలేద్దామని ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. కమిటీలోని సేఫ్టీ ఆఫీసరొకాయన, పిల్లలు వెనక్కి నడుస్తారు గనక హెల్మెట్లు ఉండాలన్నారు. వీళ్ళలో ఒక్కరైనా ఆ పటాన్ని కళ్ళతో చూసేది లేదని ఎవరికీ గుర్తు రాలేదు. మావారు కమిటీకి కార్యదర్శి. ఆఫీసులో నోరు విప్పని అలవాటు ఆయనకు కమిటీలోనూ బాగా పనికొచ్చింది. రివిజన్లన్నీ నీటుగా టైపు చేసి నాకు తెచ్చిచ్చేవారు.

నేను వాటిని గిన్నెల అరలో పరిచాను. ఆకారం విషయంలో వాళ్ళకు ఏం చెప్పినా చెల్లుతుంది, గోడ అంత ఎత్తుంది. చప్పుడు విషయంలోనే కుదరదు, అది గోడ దూకుతుంది. ఒక సాయంత్రం అధ్యక్షుల వారు కూతురి కోసం వచ్చి, బయట నిలబడి మా సాధన విన్నారు. మర్నాడే ఫోను చేశారు.

"మేడమ్, మధ్యలో గ్యాప్ వస్తోంది. ఆ రోజు ఫాదర్స్ అందరూ పార్కింగ్‌లో ఉంటారు, ప్రోగ్రామ్ ఫెయిలయిందనుకుంటారు. అక్కడ విజిల్ వేయించి కంటిన్యూస్‌గా కొట్టించండి."

గ్యాప్ కాదండీ, అక్కడే అసలు సంగతి ఉంది అన్నాను. ఆయన చాలా మర్యాదగా విని, దాన్ని కమిటీలో పెట్టారు. తీర్మానం వచ్చింది. మధ్యలో డ్రమ్ములు ఆగిపోయినట్టు వినబడితే వచ్చే ఏడు నుంచి ఆ సామగ్రి మగపిల్లల విభాగానికి ఇచ్చేస్తారు. కింద కార్యదర్శి సంతకం. ఆ సంతకం చూస్తే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఏం చేయమంటారు అని మావారిని అడిగాను. నీ ఇష్టం అన్నారు, మజ్జిగ పోయమన్నారు. అంత స్వేచ్ఛ నాకు పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

నా ఇష్టమే చేశాను. పోతే డ్రమ్ములు పోతాయి, ఆ పిల్లలు మళ్ళీ తాడాటకు వెళ్తారు. ఆ భయం రోజూ ఉండేది. పెద్ద డ్రమ్ము పిల్ల కూడా, కొట్టకుండా వేళ్ళతో తట్టడమేంటి ఆంటీ, చేతులు ఊరుకోవడం లేదు అనేది.

పోటీల రోజు అక్టోబరు ఉక్క. మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక మొదలుపెట్టి, పొద్దు గూకే వేళ మగ్రిబ్ నమాజుకు ముందే ముగించాలి. నాలుగు గోడల మధ్య సిమెంటు ఆవరణ, చుట్టూ కుర్చీల్లో తల్లులు. పిల్లలు బయల్దేరారు. నేను పెద్ద డ్రమ్ముల వెనక నిలబడి, వాళ్ళకు లయ తప్పకుండా ఉన్నచోటనే అడుగులు వేస్తున్నాను. భారతదేశం ఆ రోజు ఏర్పడలేదు. అంతమంది తల్లులు ఆ సంగతి కళ్ళారా చూశారు, ఒక్కరూ బయట చెప్పలేదు.

హోరు బ్రహ్మాండంగా లేచింది. అప్పుడు వినబడింది నాకు, ఆ హోరు సందుల్లోంచి మరో చప్పుడు. గోడ అవతల పార్కింగ్‌లో తండ్రులందరూ ఇంజన్లు నడుపుకుంటూ, ఏసీలు వేసుకుని కూర్చున్నారు. సాధన రోజుల్లో అక్కడ కార్లుండేవి కావు. ఇన్ని ఇంజన్ల రొద కింద రిమ్ముల మీది టిక్కుటిక్కులు బయటికి సరే సరి, ముందు వరస తల్లులకే వినబడవు. క్యాసెట్లు అన్ని చూసి, దరువు అంత రాసి, గోడ అవతల ఏముంటుందో నేను ఆలోచించలేదు. ఆపడానికి వీల్లేదు, పెద్ద డ్రమ్ములు మెట్లు దిగడం మొదలుపెట్టాయి. నేను అడుగులు వేస్తూనే గోడ వైపు చూశాను.

చివరి మెట్టు దిగేసరికి అవతల రొద పలచబడింది. ఒక ఇంజను ఆగింది, దాని పక్కది ఆగింది, తర్వాత గబగబా చాలా ఆగిపోయాయి. పిల్లలు రిమ్ముల మీదికి వచ్చేసరికి గోడకు ఆ వైపు ఏమీ లేదు. కర్రల మొనలు వినబడ్డాయి. వేళ్ళు తట్టడం వినబడింది. వాటి కింద అడుగులు, అందరివీ ఒకటిగా. తల్లులు కుర్చీల్లో ముందుకు వంగారు. క్యాసెట్‌లో చూసినట్టే వంగారు. నాకు కళ్ళు మసకలు కమ్మాయి. తర్వాత చప్పుడు మళ్ళీ పెరిగి హోరయ్యింది, అయిపోయింది.

నమాజు అయ్యాక గేటు బయటికి వస్తే స్కూలు బస్సు డ్రైవరు ఎదురొచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, సాధనకు నన్ను రోజూ దింపేవాడు. కార్లు ఎందుకు ఆగాయని అడిగాను.

"మీ సారే ఆపిచ్చిండమ్మా. డ్రమ్ములు ఇంక జోరుగ మోగుతుండంగనే బండి దిగిండు. ఒక్కొక్క బండి అద్దం కొట్టి, ఇప్పుడు చిన్నగ అయితది, బంద్ చెయ్యుండ్రి అన్నడు. ప్రెసిడెంటు సారు బండి గూడ బంద్ చేపిచ్చిండు. అందరు చెమటల తడిసిన్రు."

చప్పుడు తగ్గక ముందే దిగారంటే, ఎక్కడ తగ్గుతుందో ఆయనకు తెలుసు. బల్ల మీద గ్లాసు పట్టుకుని కూర్చున్న రోజులన్నీ గుర్తొచ్చాయి.

అధ్యక్షుల వారు చొక్కా ఒంటికి అంటుకుపోయి మా వైపే వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"మన సైలెన్స్ ఎక్సలెంట్‌గా వర్కవుట్ అయింది మేడమ్. మీటింగ్‌లో నేను మొదట్నుంచీ అదే అంటున్నాను."

వచ్చే ఏడు మగపిల్లల చేత కూడా ఇలాంటి సైలెన్స్ చేయించాలన్నారు. డ్రమ్ములు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయన్నారు. నేను చాలా సంతోషమండీ అన్నాను. నిజంగానే సంతోషంగా ఉంది, దానికి కారణం ఆయన కాదు గనక ఆయన మీద కోపం కూడా రాలేదు.

కారు ఎక్కాను. అమ్మాయి వెనక సీట్లో ఖోఖో పతకం చూసుకుంటోంది. మావారు స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నారు.

"నిమ్మళంగా వాయించేటప్పుడు, చివర్లో ఒక అడుగు ఆలస్యంగా పడింది" అన్నారు. "ఎవరిది?"

"నాదేనండీ" అన్నాను.

ఆయన తలూపి కారు తీశారు. ఇంటి దాకా ఏసీ వెయ్యలేదు, నేనూ వెయ్యమనలేదు.