పత్తి బోరాల మీద పరీక్ష

నా లారీ మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. కరోనాకు హాస్టల్ మూసేస్తే, ఆ యూనివర్సిటీ పిల్ల పెద్దకడుబూరు దగ్గరి మా ఊరికి వచ్చేసింది. పత్తి కూలికి పోయే మా పక్కింటామె కూతురు. లాక్‌డౌన్లో నిలిచిపోయిన నా లారీలో, పత్తి కుక్కిన గోనె బోరాల మీదికెక్కితేనే ఫోన్‌కు సిగ్నల్ అందేది. ఫోన్లో క్లాసు చెప్పే సార్ తన పేరు పిలిస్తే చాలు, అంత ఎత్తున లేచి నిలబడేది.

"కూసోమ్మా, పడతావు! సార్‌కు నువ్వేమన్నా కనపడతాండావా?"

"సార్ పిలిస్తే కూసోనుంటారా సిన్నాయనా?"

చివరికి నోటిపరీక్ష కూడా ఫోన్లోనే పెట్టినారు. తప్పితే ఏడాది పోతుంది. నిలబడే జవాబు చెప్పింది. సార్ "శభాష్" అన్నాడు.

ఆ శభాష్ ఒక్కటే నేను కల్పించింది. జవాబు మధ్యలోనే సిగ్నల్ పోయింది, దాంతోపాటే ఆ ఏడాదీ పోయింది. మూగబోయిన ఫోన్‌కు ఆ పిల్ల చివరి మాట దాకా నిలబడే చెప్పిందన్నది మాత్రం నిజం.