మునేటి గేజీ ఇశ్రాయేలు

మిషన్ బడిలో ఐదు చదివిన పుణ్యానికి ఇశ్రాయేలుకు ఆ పని దొరికింది. 1957 వానాకాలంలో సర్వే వాళ్ళు కీసరకు ఎగువన మునేటిలో అడుగులూ అంగుళాలూ గీసిన గేజీ కొలబద్ద ఒకటి పాతారు. రోజూ పొద్దున్నే నీళ్ళు ఏ గీతను తాకుతున్నాయో చూసి, కాగితం మీద రాసి పంపాలి. రాబోయే యాభై ఏళ్ళూ ఈ ఏటి పల్లెలకు నీళ్ళెలా అందించాలో, ఎక్కడ చెరువు కట్టించాలో ఆ అంకెల్ని బట్టే తేలుస్తారట. ఊరవతల అతని పేటలో అందరూ అతన్ని గేజీ ఇశ్రాయేలు అనసాగారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా లేని మీసం మెలేసేవాడు.

వానలు వెళ్ళి ఎండలు ముదిరాక ఏరంతా ఇసుకే మిగిలింది. పేటవాళ్ళను ఊరి బావి దగ్గరికి రానివ్వరు. అందుకని అతని భార్య కృపావతి ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరే నీళ్ళను చిప్పతో తోడుకునేది. ఒక్క కడవ నిండడానికి పూట పట్టేది. ఇశ్రాయేలు కాగితం మీద సున్నా చుట్టబోయి ఆగాడు. ఉత్త ఇసుకకు ఎవడైనా చెరువు కట్టిస్తాడా? నీళ్ళున్న ఏరని తెలిస్తేనే గదా సర్కారు కదిలేది! వెర్రిబాగులవాడు, ఒక అడుగు అని రాశాడు. మర్నాడూ అంతే. మూడు వేసవులూ అంతే.

1961 ఫిబ్రవరిలో, ఏట్లో ఇంకా మోకాలి లోతు నీళ్ళుండగా, ఓవర్సీరు వరప్రసాదరావు వచ్చాడు.

"మీ పేటకి చెరువు అక్కర్లేదని తేల్చారయ్యా. మండువేసవిలో కూడా అడుగు నీళ్ళుండే ఏరు మీది. ఏరు ఎండిపోయే ఊళ్ళకే చెరువులు రాశారు."

ఇశ్రాయేలు చేతులు జోడించాడు. "అయ్యగారూ, నీళ్ళుంటేనే కడతారనుకుని అట్టా రాసానండి. ఎండాకాలం చుక్కుండదండి."

"మూడేళ్ళు నీ చేత్తో రాసి ఇప్పుడు కాదంటే ఎవరు నమ్ముతారు? ఈ మాట బయటికొస్తే నీ పనీ పోద్ది, సంతకాలు పెట్టిన నా పనీ పోద్ది," అని ఓవర్సీరు సైకిలెక్కాడు.

ఆ ఏప్రిల్లో ఇశ్రాయేలు తెగించి సున్నా రాసి పంపాడు. పది రోజులకు కాగితం తిరిగొచ్చింది. గత మూడేళ్ళ లెక్కతో పొసగడం లేదు, సరిగ్గా చూసి మళ్ళీ రాయాలి అని ఎర్రసిరాతో ఉంది.

దాన్ని పట్టుకుని ఏట్లోకి నడిచాడు. కృపావతి నడుము లోతు చెలమలో దిగి నీళ్ళు తోడుతోంది. చెరువు ఎందుకు రాలేదో అప్పటిదాకా ఆమెకు చెప్పలేదు. ఇప్పుడంతా చెప్పాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు. ఆమె తిట్టలేదు. పైకొచ్చి ఖాళీ కడవ అతని చేతిలో పెట్టింది.

"ఏదయ్యా, నువ్వు రాసిన ఆ అడుగు నీళ్ళు ఎక్కడున్నాయో చూపియ్యి. ముంచుకుంటా."