పిలారమ్మతో మాట్లాడాలని

ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కే సువార్తమ్మకు, రాని భాషలు పలికించే అన్యభాషల వరం దిగిందని సంఘంలో సగం మంది నమ్మేశారు. శిరివెళ్ల దాటేదాకా కళ్లు మూసుకుని "కోమో, కోమెస్, కోమె" అని గొణుగుతుంటే నమ్మక ఏం చేస్తారు? పక్క సీటావిడ తన మోకాళ్ల నొప్పికి ప్రార్థన చేయమని కూడా అడిగింది. సువార్తమ్మ కాదనలేక తెలుగులోనే చేసిపెట్టింది.

ఆమె వల్లించేది స్పానిష్ క్రియలు. తింటాను, తింటావు, తింటుంది. అరవై రెండేళ్ల వయసులో ఈ చదువంతా పిలారమ్మ కోసం. పిలారమ్మ స్పెయిన్ నుంచి నంద్యాల వచ్చిన నర్సు. తల్లి లేని సువార్తమ్మను పద్దెనిమిదేళ్లప్పుడు ఆసుపత్రిలో ఆయాగా చేర్చుకుని, కట్టు కట్టడం నేర్పి, ముప్పై నాలుగేళ్లు పక్కనే ఉంచుకుంది. రోజూ "తింటివా?" అని అడిగాకే తను ముద్ద నోట పెట్టేది. పదేళ్ల కిందట సొంత ఊరు వెళ్లిపోయింది. ఇప్పుడు మతిమరుపు జబ్బుతో తెలుగూ ఇంగ్లీషూ పోయి, పుట్టినప్పటి భాష ఒక్కటే మిగిలిందని ఆమె మేనకోడలు కబురు పంపింది.

నంద్యాలలో డిగ్రీ చదివే తమ్ముడి కూతురు సౌజన్య, ఫోన్లో చూసి తను నేర్చుకుంటూ అత్తకు నేర్పేది. ఆ భాషలోనూ క్రియ చివరను బట్టే తినేది ఎవరో తెలిసిపోతుందని విని, మన మాదిరేనే అని సువార్తమ్మ సంబరపడింది. కానీ పాఠాలు వర్తమానం దాటలేదు. ఆమె చెప్పుకోవాలనుకున్నదంతా జరిగిపోయిన కాలమాయె. ఆ దిగులుతోనే తిరుగు బస్సెక్కేది.

స్పెయిన్‌లో తమ పేరున్న పునీతుల పండగను పుట్టినరోజులా చేసుకుంటారట. పిలార్ అన్న పేరుకు అక్టోబరు పన్నెండు. మన సంఘంలో ఇట్లాంటివి లేవు కదే అని గునిసినా, ఆ రోజు సువార్తమ్మ ఒడినిండా చామంతులతో ఫోను ముందు కూర్చుంది.

వీడియో కాల్‌లో పిలారమ్మ కనబడింది. ఎంత చిక్కిపోయిందో. సువార్తమ్మ ఒడిలోని చామంతులు ఎత్తి చూపించింది. పిలారమ్మ ఆమె ముఖం చూడలేదు, పూలనే చూసింది. కళ్లనీళ్లు పెట్టుకుని ఏదో అడిగింది.

సౌజన్య ముఖం పాలిపోయింది. ఆ దేశంలో చామంతులు సమాధుల మీద పెడతారట. ఇవి ఎవరికని అడుగుతోందట.

"సువార్తకా అంటాంది, అత్తా."

తన పేరు మరవలేదన్న సంతోషం, ఎదుట కూర్చున్నా పోల్చుకోలేదన్న దుఃఖం, రెండూ ఒక్కసారే మీద పడ్డాయి.

"ఎస్తోయ్ అకీ," అంది సువార్తమ్మ. ఇక్కడే ఉన్నాను అని.

పిలారమ్మ పరాయివాళ్ల దగ్గరలా మర్యాదగా తలూపి, నెమ్మదిగా రెండు మాటలు చెప్పింది.

"ఆ పిల్ల నా కూతురు, నేను పోలేను, నా బదులు నువ్వు పోయి ఆ పూలు పెట్టిరామ్మా అంటాంది," అంది సౌజన్య తలెత్తకుండా.

కూతురన్న మాట ముప్పై నాలుగేళ్లలో ఏనాడూ ఆమె నోట వినలేదు. సువార్తమ్మ కళ్లు తుడుచుకుంది.

"సీ. బోయ్," అంది. సరేనమ్మా, పోతాను అని.