మెడ మీది తెల్లచార

నేను అనంతపురంలోని ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరింది తొంభైల చివర. అక్కడ జరిగిన ఒక పరిశోధనలో మా డాక్టరమ్మకు చెప్పకుండా ఒక సంగతి దాచాను. దాచినందుకు మెప్పు కూడా పొందాను.

బండ్లు గుద్దుకున్నప్పుడు తల విసురుగా ముందుకూ వెనక్కూ ఊగి మెడ పట్టేస్తుంది. అలా వచ్చినవాళ్లలో సగం మందికి మెడబెల్టు, సగం మందికి మొదటినుంచే వ్యాయామాలు. ఎవరికి ఏదన్నది చీటీ తీసి నిర్ణయించేవారు. మెడ ఎంత తిరుగుతోందో కొలవడం నా పని. ఎవరిది ఏ గుంపో కొలిచేవాడికి తెలియకూడదు. తెలిస్తే చెయ్యి తనకు నచ్చిన వైపు మొగ్గుతుంది. అందుకని రోగులు బెల్టు బయటే తీసేసి, చికిత్స గురించి నోరెత్తకుండా నా గదిలోకి రావాలి. మావాళ్లకు ఈ రెండోదే కష్టం.

నడి ఎండాకాలంలో కణేకల్ జీపు డ్రైవర్ ఓబులేసు వచ్చాడు. పాపం, ఒక్క మాట మాట్లాడలేదు. కానీ ఎండకు మాడిన ముఖం కింద, మెడ చుట్టూ బెల్టు వెడల్పున తెల్లటి చార.

అంటే బెల్టు గుంపు. నాకేమో వ్యాయామాల మీదే నమ్మకం. అతని తల మీద పెట్టిన కొలమానం ముల్లు రెండు గీతల నడుమ నిలిచింది. తక్కువది రాశాను. అది చూసి డాక్టరమ్మ ఇంకో నెల స్టీరింగు ముట్టుకోవద్దన్నారు.

ఓబులేసు మళ్లీ నా గుమ్మం దగ్గరికి వచ్చాడు. "ఏం సార్, కుడిపక్క లారీ వస్తే నాకు బాగానే కనపడతాండాది. నీ ముల్లుకే కనపడల్యా?"

ఆ నెల జీపు అతని బామ్మర్ది నడిపాడు. ఓబులేసు పక్కన కూర్చుని ప్రతి గుంతకూ బామ్మర్దిని తిట్టేవాడట. టిక్కెట్టు లేని నాటకమని ప్రయాణికులు ఆ జీపు కోసమే ఆగేవారని విన్నాను. నేనూ నవ్వాను, కానీ నిజం చెప్పలేదు.

ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ గది బయటే మెడకు తువాలు చుట్టించాను. ఆడవాళ్లు కొంగు చుట్టుకునేవారు. ఎందుకని డాక్టరమ్మ అడిగితే చెమట కోసమన్నాను. శుభ్రత తెలిసిన మనిషని అందరి ముందూ మెచ్చుకున్నారు. తల వంచుకున్నాను. వినయమనుకున్నారు.

ఫలితాలు తేల్చే ముందు ఉండబట్టలేక ఆమెకు అంతా చెప్పాను. తువాలుకు ముందు తీసిన కొలతలన్నీ ఆమె పక్కన పెట్టించారు. తిట్టలేదు. ఓబులేసుకు చెప్పావా అని మాత్రం అడిగారు. చెప్పలేదు. ఉద్యోగం వదిలేదాకా చెప్పలేదు.

చూడకూడనిది కంటపడడం తప్పు కాదు. పడిందని వెంటనే చెప్పకపోవడం తప్పు. ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇదే.

చివరికి కణేకల్ జీపు స్టాండుకు వెళ్లాను. ఓబులేసు మెడ పూర్తిగా వెనక్కి తిప్పి బండి రివర్సు తీస్తున్నాడు. నన్ను చూసి, "ఎంత తిరిగింది సార్, రాసుకో" అన్నాడు.

"ఆ పొద్దు కూడా బాగానే తిరిగింది ఓబులేసూ. నీకు బెల్టేసినారని తెలిసి తక్కువ రాసినా. తప్పు నాదే, మన్నించప్పా."