ఫాతిమా ఖాలాతో నా పందెం

చేతికర్రతో నడిచే డెబ్బై ఏళ్ల పెద్దావిడతో పందెం వేసి ఓడిపోయిన డ్రిల్లు సారును మీరెక్కడా చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, అది నేనే. ఓడిపోవడం ఒక్కటే అయితే గుట్టుగా దాచుకునేవాణ్ణి. పార్కులో కూలబడ్డాను కాబట్టి తూంకుంటలో మా కాలనీ అంతటికీ తెలిసిపోయింది.

మెనింజైటిస్, అంటే మెదడు చుట్టూ ఉండే పొరలకు వాపు వచ్చి మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నాను. ఇంటికొచ్చాక బాత్రూముదాకా వెళ్ళి రావడమే ఊరెళ్ళి వచ్చినంత పని. సెలవులు అయిపోవస్తున్నాయి. డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇస్తే తప్ప మేడ్చల్‌లో మా బడివాళ్లు నన్ను చేర్చుకోరు. ఆయనేమో రోజూ పది నిమిషాలు, చదునైన చోట, తోడు మనిషితో, మాట్లాడుతూ నడవగలిగినంత నెమ్మదిగా నడవమన్నాడు. తల నొప్పి పెట్టినా తిరిగినా ఆగిపోవాలట. మర్నాడు అలసట లేకపోతేనే ఇంకో రెండు నిమిషాలు కలపాలట. నా పీరియడ్‌లో పిల్లలు ఊపినట్టే తల ఊపాను. అంటే, ఒక్క ముక్కా ఎక్కించుకోలేదు.

తోడుగా నా భార్య సుజాత పక్కింటి ఫాతిమా ఖాలాను కుదిర్చింది. మోకాలి ఆపరేషన్ అయినప్పటినుంచి ఆమె రోజూ పార్కులో నడుస్తుంది. నాకు ఒళ్ళు మండింది. పద్దెనిమిదేళ్లుగా మెడలో విజిల్ వేసుకుని అందరినీ పరుగెత్తించిన మనిషిని నేను!

మొదటిరోజే ఆమె కర్ర టకటకలాడిస్తూ నన్ను దాటిపోయింది. రెండోరోజూ అంతే. మూడోరోజు దాటుతూ ఆగి, జాలిగా చూసి, "ఆరాంగ రా బేటా, జల్దీ ఏం లేదు," అంది. ఆ జాలితో నాకు రోషం పొడుచుకొచ్చింది. అప్పటికి పది నిమిషాలు అయిపోయాయి. ఆగాలి కదా? ఆగలేదు. చేతులు ఊపుకుంటూ కవాతు నడక అందుకుని ఖాలాను దాటేశాను. ఇరవై అడుగులదాకా నేనే ముందున్నాను, ఆ సంగతి మాత్రం మరిచిపోకండి.

ఇరవై ఒకటో అడుగుకి పార్కు గేటు రెండు గేట్లయింది. ఏది పట్టుకోవాలో తేల్చుకునేలోగా గడ్డిలో కూలబడ్డాను. తలలో రోకలిపోట్లు. నిజం చెబుతున్నాను, చాలా భయపడ్డాను. మళ్ళీ అదే మొదలైందని, ఈసారి లేవనేమోనని.

ఖాలా వచ్చి తల కింద చున్నీ పెట్టింది. లేవబోతే కర్ర అడ్డం పెట్టి, "సార్‌వి గాదు నువ్వు, పాగల్‌వి. సప్పుడు జెయ్యకుండ పండుకో," అని సుజాతకు ఫోన్ చేసింది.

డాక్టరు పరీక్షించి, జబ్బు తిరగబెట్టలేదు, ఇది సారుగారి తొందర మాత్రమే అన్నాడు. సర్టిఫికెట్ రెండు వారాలు వెనక్కిపోయింది. బళ్ళో ఆటల పోటీలు నేను లేకుండానే జరిగాయి. విజిల్ లెక్కల సారు ఊదాడట.

కాస్త తేరుకున్నాక ఖాలా ఇంటికి వెళ్ళి, పందెంలో ఆమే గెలిచిందని పెద్దమనసుతో ఒప్పుకున్నాను.

ఆమె తెల్లబోయింది. "పందెమా? ఏం పందెం బేటా? మా ఆయన చాయ్ కోసం ఎదురుసూస్తడు. గందుకే జల్దీ నడుస్త."

అంటే పందెంలో ఉన్నది నేనొక్కణ్ణే. ఒక్కణ్ణే ఉండి కూడా రెండోవాడిగా వచ్చాను.

కాబట్టి ఖాలా చేతికర్ర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరితో పందెం వేసుకున్నా, ముందుగా ఆ మనిషికి చెబుతాను. అదీ పది నిమిషాల్లోపే ముగిస్తాను.